మూడో వేలు

కుంభాకార బహుభుజి అంటే ఎక్కడా లోపలికి నొక్కుకుపోని ఆకారం. దాని శీర్షాల్లో మూడింటిని కలిపి, వీలైనంత పెద్ద త్రిభుజం గీయాలి. ప్రోగ్రామింగ్ నేర్పేటప్పుడు నేను అమితంగా ఇష్టపడే లెక్క ఇది. ఎవరికైనా ముందు తట్టేది, మూడేసి శీర్షాలు తీసుకుని అన్నిటినీ కొలిచి చూడడం. వంద శీర్షాలుంటే 1,61,700 త్రిభుజాలు. వెయ్యి ఉంటే 16 కోట్ల పైమాటే.

కాగితం మీద ఓ బహుభుజి గీసి, రెండు శీర్షాల మీద రెండు వేళ్లు ఆనించండి. మూడో వేలిని అంచు వెంట నడిపించండి. వైశాల్యం పెరుగుతూ పోయి, ఒకచోట తగ్గడం మొదలుపెడుతుంది. ఆ వైపున ఇక మళ్లీ పెరగదు. మొదటి వేలు కదలకుండా రెండోది ముందుకు జరిగితే, మూడోది కూడా ముందుకే జరుగుతుంది, వెనక్కి రావలసిన పనుండదు. అంటే ఒక్కో శీర్షానికి ఒక్క చుట్టు చాలు. కోట్లలో ఉన్న పని లక్షల్లోకి దిగింది.

1979లో డాబ్‌కిన్, స్నైడర్ అనే పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. మొదటి వేలు జరిగాక కూడా మిగతా రెండూ ఆగినచోటు నుంచే సాగవచ్చన్నారు. అంటే మొత్తం పని ఒక్క చుట్టులో అయిపోతుంది. ప్రోగ్రాము కొద్ది లైన్లే. 1992లో చంద్రన్, మౌంట్ అంతే వేగమైన మరో దారి చూపించినా, ఈ సులువు పద్ధతి చలామణీలోనే ఉండిపోయింది. 2017లో కైఖా, లోఫ్లర్, వారి సహచరులు ఒక బహుభుజి గీసి చూపించారు. దాని మీద ఈ పద్ధతి అసలైన పెద్ద త్రిభుజాన్ని పట్టుకోలేకపోయింది. నిలకడ మీద నిజం తెలియడానికి 38 ఏళ్లు పట్టింది.

మొదటి రెండు అడుగులూ నిజమైతే, మూడోదాన్ని మనసు అడక్కుండానే ఒప్పేసుకుంటుంది. మా పనిలో నేను అన్నిటికన్నా భయపడేది దీనికే. అందుకే విద్యార్థుల చేత ముందు అన్ని త్రిభుజాలనూ కొలిచే ఆ మొద్దు పద్ధతినే రాయిస్తాను, చివరిదాకా చెరపనివ్వను. చిన్న చిన్న బహుభుజులు, సన్నగా సాగినవి, దాదాపు గుండ్రటివి ఇచ్చి, వేగమైన పద్ధతి జవాబును మొద్దు పద్ధతి జవాబుతో సరిచూడమంటాను. ఎన్నిసార్లు సరిపోయినా అది నిరూపణ కాదు. కాబట్టి ఇంకొకటి కూడా అడుగుతాను: ప్రతి వేలు ఎందుకు వెనక్కి రానక్కర్లేదో, ఒక్కోదానికి విడిగా, మాటల్లో రాయాలి. రాయలేకపోయిన వేలి దగ్గరే ఆగి ఆలోచించాలి.