నోట్‌బుక్ దాకా గాజుపోగు

కన్నడంతో పాటు తెలుగూ ఇంటి మాటగా చెల్లే కోలారు జిల్లా శ్రీనివాసపురం మామిడికి పేరుపడిన ఊరు. 2011లో కేంద్రం ఆమోదించి, అనంతరం భారత్‌నెట్‌గా పేరు మార్చిన పథకం గ్రామ పంచాయతీలన్నిటికీ ఆప్టికల్ ఫైబర్ చేర్చడాన్ని లక్ష్యంగా పెట్టుకున్నాక, ఆ పోగును నోట్‌బుక్ కంప్యూటరుకే నేరుగా తగిలించవచ్చునా అన్న ప్రశ్న ఇలాంటి ఊళ్లలోనూ తలెత్తుతుంది.

ఇంటికి వచ్చే ఫైబర్ విషయంలో సాధారణంగా అది కుదరదు. ఆ సేవల్లో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒకే పోగులోని కాంతిని స్ప్లిటర్ అనే చిన్న పరికరం విద్యుత్తు లేకుండానే అనేక ఇళ్లకు పంచుతుంది. ఏ ఇల్లు ఏ క్షణాన బదులు పంపాలో ఎక్స్ఛేంజిలోని యంత్రం నిర్ణయిస్తుంది. ఆ వంతుల లెక్క ఓఎన్‌టీ అనే పెట్టెకు తెలుసు, మామూలు ఈథర్‌నెట్ ఫైబర్ కార్డుకు తెలియదు. కార్డుకు అసలైన చోటు విశాలమైన మామిడి మార్కెట్ యార్డు వంటి ఆవరణ. అక్కడ రాగి తీగ 100 మీటర్ల హద్దు దాటలేదు గాని, సింగిల్‌మోడ్ ఫైబర్ కిలోమీటర్ల దూరాన్ని అనాయాసంగా దాటుతుంది.

డెస్క్‌టాప్‌లో ఈ కార్డు పట్టే పెద్ద స్లాటు నోట్‌బుక్‌లో ఉండదు. పాత యంత్రాల్లో ప్రక్కనున్న ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాటూ, కొన్నింటిలో లోపలి ఎం.2 స్లాటూ పనికివస్తాయి; నేటి యంత్రాలకు యూఎస్‌బీ లేదా థండర్‌బోల్ట్ ద్వారా తగిలించే బయటి అడాప్టరే మేలు. లోపలి కార్డయితే యంత్రాన్ని ఆపి, చార్జరు తీసి, బ్యాటరీ లంకెను విడదీసి, ఒంటిమీది స్థిరవిద్యుత్తు పోయేలా భూమికి కలిపిన లోహాన్ని తాకి, ఆపైనే బిగించాలి. డ్రైవరు కుదిరాక, విద్యుత్ సంకేతాన్ని కాంతిగా మార్చే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూలును అమర్చాలి. రెండు కొసల్లోనూ తరంగదైర్ఘ్యమూ వేగమూ పొందికగా ఉండాలి, రెండు పోగుల కేబులైతే ఒక కొస పంపేది రెండో కొస అందుకునే రంధ్రంలో పడాలి.

నేర్పంతా కొసల దగ్గరే ఉంది. సింగిల్‌మోడ్ పోగులో కాంతి నడిచే గర్భం సుమారు 9 మైక్రాన్లే, తల వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నం. కాబట్టి కంటికి కనబడని ధూళి కణం కూడా సంకేతాన్ని అడ్డుకోగలదు, కొసను తుడవకుండా గుచ్చడం పని తెలిసినవారు చేయరు. ఆకుపచ్చ కనెక్టరు ముఖం 8 డిగ్రీల వాలుతో చెక్కి ఉంటుంది, నీలిదానికి ఆ వాలు ఉండదు. రెండింటినీ కలిపితే మధ్య ఖాళీ మిగిలి కాంతి నష్టమవుతుంది. తెగిన పోగును అతికే స్ప్లైసింగు మామిడి అంటుకట్టడం లాంటిదే: పై పొర ఒలిచి, ఆల్కహాలుతో తుడిచి, లంబంగా కోసి, గర్భానికి గర్భాన్ని సరిచూసి, విద్యుత్ చాపంతో కరిగించి కలుపుతారు. వెలుగు పరారుణం కావడంతో కంటికి ఆనదు. అందుకే కొసలోకి తొంగిచూడరాదు.

ఈ శ్రమకు ఫలం వేగమొక్కటే కాదు. మామిడి కోతకు ముందు కురిసే జల్లులు ఉరుములు మెరుపులతో వస్తాయి, దూరాన పిడుగు పడినా పొడవాటి రాగి తీగ వెంట విద్యుత్ ఉప్పెన యంత్రందాకా పాకవచ్చు. గాజు విద్యుత్తును మోయదు. కేబులులో బలానికి ఉక్కు తీగ ఉంటే మాత్రం దాన్ని భవనంలోకి రానిచ్చే ముందే భూమికి కలపాలి. చార్జరు గోడకు తగిలి ఉంటే ఉప్పెనకు కరెంటు తీగ దారి తెరిచే ఉంటుంది గనుక, ఉరుములు దగ్గరపడకముందే చార్జరును ఊడదీసి బ్యాటరీ మీద పని కానివ్వాలి.