'అశని సంకేత'మున దంపుడు కూలి

1943వ సంవత్సరపు వంగదేశ క్షామమును గూర్చి బిభూతిభూషణ బందోపాధ్యాయులవారు రచించిన 'అశని సంకేత' నవలను సత్యజిత్ రాయ్ గారు 1973లో చలనచిత్రముగా వెలువరించిరి. ఆ యేడే బెర్లిను చలనచిత్రోత్సవమున దానికి బంగారు ఎలుగుబంటి పురస్కారము లభించినది. ఆకలిచావుల కథకు ఇన్ని రంగులు, ఇంత పచ్చదనము ఏలయని ఆక్షేపించినవారు గలరు. ఆ యాక్షేపణ నాకు రుచింపదు. 1943లో వంగదేశమునకు లభించిన ధాన్యము 1941 నాటికంటె ఎక్కువేయని అమర్త్యసేను గారు 1981 నాటి తమ గ్రంథమున లెక్కగట్టిరి. కాని కలకత్తాలో 1942 డిసెంబరున 13, 14 రూపాయల నడుమనున్న మణుగు బియ్యము (వారి మణుగు 82 పౌనులు) మరుసటి ఆగస్టునకు 37 రూపాయలయ్యెను. పచ్చని చేల నడుమనే మనుష్యులు రాలిపోయిరి. రంగులు నిజమునే చెప్పినవి.

నా యాక్షేపణ వేఱు. కథానాయిక అనంగ పురోహితుని ఇల్లాలు. ఇంట గింజలు నిండుకొనగా ఆమె పరుల యింట వడ్లు దంచుటకు పూనుకొనును. భర్తకు మనస్సు చివుక్కుమనును. ఢేంకి యను కాలిదంపుడు మ్రానుతో చేయు ఈ పని నాడు వంగదేశమున స్త్రీలదే. దిక్కులేని విధవలకు అదియే ఆధారముగా నుండెడిది. కూలి గింజల రూపమున ముట్టెడిది. బియ్యము ప్రియమై గృహస్థు తన వడ్లను దాచుకొనెనేని, అమ్ముకొనెనేని, ఆ యింట ఢేంకి ఆగెడిది. ఆగిననాడు దంచెడిదానికి పనియు నుండెడిది కాదు, ఆ పూటకు గింజయు నుండెడిది కాదు. ఆ క్షామమున మిక్కిలి చితికినవారిలో బెస్తలతోడను, వ్యవసాయపు కూలీలతోడను ఈ దంపుడు స్త్రీలును గలరు.

ఇంతటి విషయము చేతికి అందియు జాఱిపోయినది. ఢేంకి మాట చాలినంతగా విననీయకయే కథ ఛుట్కీ శీలము వైపు మళ్లును. ఇటుకల బట్టీకడ మొగము కాలినవాడొకడు బియ్యము చూపి ఆమెను లోబఱచుకొనును. తుదకు ఆమె వానివెంట పట్టణమునకు పోవును. అడవిలో దుంపలు త్రవ్వు ఘట్టము మాత్రము మేలైనది. ఊర తిండి లేక స్త్రీలు అడవి లోపలికి పోవలసివచ్చుటచేతనే అచ్చట వారికి మగవాని చేతి ఆపద కలిగినది. ఆకలి, పని, ఆపద యను మూడును అచ్చట ఒక్కచోట కనబడును.

ఈ చిత్రమును మా యింట చూచిన రాత్రి, సంస్కరణాభిమానియైన నా మిత్రుడొకడు "ఎంత ఆకలియైనను హద్దుండవలదా?" అనెను. నా భార్య "అన్నయ్యగారూ, దంపుడు కూలి నిలిచిపోకుంటే ఆ పిల్ల బట్టీ దారి పట్టేదా?" అని అడిగి, కంచములు తీసికొని లోపలికి పోయెను. మాకిద్దఱకును మాట తోచలేదు. విరటుని కొలువున సైరంధ్రియైన ద్రౌపది పడిన పరాభవమును ఇరువదియేండ్లుగా పిల్లలకు పాఠము చెప్పుచున్నాను. ఆ కొలువున ఆమె పనికి కూలి యేమిచ్చిరని అడుగవలెనని నాకు ఒక్కనాడును తోచలేదు.