బంగారం కింద రాగి, రంగు కింద సున్నం

అమృత్‌సర్‌లోని హర్‌మందిర్ సాహిబ్‌ను మనం స్వర్ణ దేవాలయం అంటాం గానీ, ఆ బంగారం వచ్చింది చాలా కాలం తర్వాత. గురు రామ్‌దాస్ తవ్వించిన సరోవరం నడుమ గురు అర్జన్ మందిరం కట్టించి, 1604లో అందులో సిక్కుల పవిత్ర గ్రంథమైన ఆదిగ్రంథాన్ని ప్రతిష్ఠించారు. 1762లో అఫ్గాన్ పాలకుడు అహ్మద్‌షా అబ్దాలీ దాన్ని మందుగుండుతో పేల్చేయించాడు. సిక్కులు మళ్లీ కట్టుకున్నారు. పాలరాయి, పసిడి పూత 19వ శతాబ్దంలో మహారాజా రంజిత్ సింగ్ పెట్టించినవి.

ఆ పూత నేరుగా గోడకు వేసింది కాదు. ముందు రాగి రేకును సుత్తితో కొట్టి తీగలూ పూలూ ఉబికి వచ్చేలా చేస్తారు. శుభ్రం చేసిన రేకుకు పాదరసం రాసి, పైన పల్చటి బంగారు రేకు పరిచి వేడి చేస్తారు. పాదరసం ఆవిరైపోతుంది, బంగారం రాగిని అంటిపెట్టుకుంటుంది. ఆ ఆవిరి విషం. అయినా పొర మీద పొర వేసుకుంటూ పోవాల్సిందే. 1990లలో పాత పూత తీసి కొత్తది వేసినప్పుడు 24 పొరలు వేశారు.

కింది గోడల్లో జరత్‌కారీ కనిపిస్తుంది: పాలరాతిని పువ్వు ఆకారంలో తొలిచి, ఆ గుంటలో సరిగ్గా ఇమిడేలా సానపట్టిన రంగురాళ్లు పొదుగుతారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం లోపలి గోడల మీది మొహ్రాకషీ అనే చిత్రకళ. ఈ చిత్రాలు వేసే కళాకారుణ్ని నక్కాష్ అంటారు. అతను ముందు కాగితం మీద బొమ్మ గీసి, గీతల వెంట సూదితో బెజ్జాలు పొడుస్తాడు. దాన్ని తడి సున్నపు పూత మీద ఆనించి, బొగ్గుపొడి మూటతో అద్దితే ముగ్గు చుక్కల్లా నల్లటి చుక్కలు పడతాయి. ఇక తడి ఆరేలోపు రంగు వేసేయాలి. అందుకే ఒక రోజులో ఎంత గీయగలడో అంత మేరకే పూత పూస్తారు. సున్నం ఆరుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని రాయిగా మారుతుంది. రంగు ఆ రాతిలోనే చిక్కుకుపోతుంది. సున్నం ఘాటుకు మామూలు రంగులు చెడిపోతాయి కాబట్టి జేగురు, పసుపు మట్టి, పచ్చరాతి పొడి, బొగ్గు వంటివే వాడతారు. రంగు వేశాక చిన్న తాపీతో మెల్లగా తట్టి లోపలికి ఇంకిస్తారు. చెరిపి దిద్దుకునే వీలు లేదు. పూల సజ్జలు, తీగలు, పక్షులు, అన్నీ ఒక్క చేతి ఒడుపుతో కుదరాలి. జ్ఞాన్ సింగ్ నక్కాష్ వంటి వారు దశాబ్దాల పాటు ఇక్కడ ఈ పని చేశారు.

భక్తులు ప్రేమతో ఇచ్చిన పాలరాతి పలకల వెనక పంజాబ్ గురుద్వారాల్లో ఇలాంటి చిత్రాలు ఎన్నో కనుమరుగయ్యాయి. అమృత్‌సర్ వెళ్లినప్పుడు దర్శనం కాగానే వెనుదిరగకండి. పై అంతస్తు ఎక్కి ఆ గోడలను దగ్గరగా, తీరిగ్గా చూడండి.