ఊపిరి గమనిస్తే చాలా?

ఆదివారం మా భిలాయి విహారానికి వచ్చే ఏడో తరగతి అమ్మాయి ఒకరోజు నన్నడిగింది: "నా సీసాలో నీళ్లు తాగమన్నారు సార్ మా క్లాసువాళ్లు. నేను ఏడిస్తే టీచరుగారు కళ్లు మూసుకుని ఊపిరి గమనించమన్నారు. మరి వాళ్లనేమీ అనలేదేం?"

విలువల విద్య గురించి ఏది చదివినా ఇప్పుడు ఈ ప్రశ్నే గుర్తొస్తుంది.

ఈ విషయంలో దేశమంతా చెప్పుకున్నది ఢిల్లీ ప్రభుత్వ బడుల 'హ్యాపీనెస్ కరికులం'. 2018 జులై 2న దలైలామా సమక్షంలో మొదలైంది. నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా ప్రవేశపెట్టారు. ధ్యానం, కథ, చర్చ ఉండేలా, పరీక్ష లేకుండా రూపొందించారు. మార్కుల చదువులో పిల్లల మనసుకు చోటివ్వడం మెచ్చదగ్గదే. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ దారినే చూపింది కనుక, రేపు మన బడులకూ ఇలాంటి పాఠాలే వస్తాయి.

ఢిల్లీ పాఠాలకు మూలమైన ఆలోచనల్లో ఒకటి, మన పొరుగునున్న అమర్‌కంటక్‌లో ఎ. నాగరాజ్ రూపొందించిన మధ్యస్థ దర్శనం. విశ్వాసం, గౌరవం, స్నేహం, మమత, కృతజ్ఞత - సంబంధాల్లో ఉండవలసిన విలువలుగా అది వీటిని చెబుతుంది. మంచివే. కానీ కులం ఉన్నచోట ఇవి గడప దాటవు. మనవాళ్లను ప్రేమించమని కులం కూడా చెబుతుంది కదా!

బాబాసాహెబ్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో కరుణ దగ్గర ఆగలేదు, మైత్రి దాకా వెళ్లారు. మైత్రికి చుట్టరికం అక్కర్లేదు. మిత్రుడికీ శత్రువుకీ సమానంగా అందాలి. రాజ్యాంగం సౌభ్రాతృత్వం అన్నది దీన్నే. 17వ అధికరణ అంటరానితనాన్ని నిషేధిస్తే, 51ఎ అధికరణ సోదరభావం పెంచడాన్ని పౌరుల విధిగా చేసింది.

అష్టాంగ మార్గంలో సమ్మా సతి ఏడోది. దానికి ముందే సమ్మా వాచా, సమ్మా కమ్మంత ఉన్నాయి. మాటనూ చేతనూ వదిలేసి ధ్యానాన్ని మాత్రమే తీసుకుంటే, అవమానపడ్డ పిల్లకు ఓర్పు నేర్పినట్టవుతుంది. అవమానించినవాళ్లకు ఏ పాఠమూ ఉండదు. ఆ టీచరుగారు మంచివారే. ఆమె చేతికిచ్చిన పాఠమే సగం.

మిగతా సగం ఏమిటి? ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు, చీపురు ఎవరి చేతికిస్తున్నారు, ఎవరి నీళ్లు ఎవరు తాగుతున్నారు - వీటిని తరగతి మొత్తం బాహాటంగా మాట్లాడుకుని సరిదిద్దుకోవడం.

ఈ పరీక్ష మనకూ ఉంది. మా విహారంలో మాల, మాదిగ, మహర్ ఇళ్ల పిల్లలు ఒకే చాప మీద త్రిశరణం చెబుతారు. వాళ్ల అమ్మానాన్నలు ఒకరింటికి ఒకరు సంబంధం అడగడానికి ఇంకా వెనకాడుతున్నారు. పిల్లలు ఇదీ చూస్తున్నారు.

జై భీమ్.