మేలుకొలుపు నోట్సు

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర కొన్న జిరాక్సు నోట్సును పంజాగుట్ట దాకా ఆటోలోనే చదివేశాను. మా కంప్యూటరేమో మేడమీద. నా మోకాళ్ళేమో మెట్లంటే మొరాయిస్తున్నాయి. మావారి ఫొటోలన్నీ దాంట్లోనే. కింద లాప్‌టాప్‌లోంచి దాన్ని నిద్ర లేపాలని నా తాపత్రయం.

మేలుకొలుపు ఘట్టం బాగా రాశారు. 6 సార్లు 'ఎఫ్‌ఎఫ్' అని, ఆపైన నెట్‌వర్కు కార్డు చిరునామాను 16 సార్లు పిలవాలట. మొత్తం 102 బైట్లు. మా అత్తగారైనా మావారిని అన్నిసార్లు లేపలేదు సుమండీ!

కానీ 'కరెంటు ఆదాకు కార్డును ఆపనివ్వు' అన్న గడిలో టిక్కు తీసెయ్యమని ఒకచోట, 'కంప్యూటరును లేపనివ్వు' అన్నచోట పెట్టమని మరోచోట! మొదటిది తీసేస్తే విండోస్‌లో రెండోది బూడిదరంగుకు తిరిగి చెయ్యి వెయ్యనివ్వదు. రాసినవారు చేసి చూడలేదన్నమాట.

గోడ స్విచ్చి ఊసే లేదు. రాత్రి స్విచ్చులన్నీ కట్టేసిగాని పడుకోని ఇల్లాళ్ళను వీరెరగరు కాబోలు. కంప్యూటరు నిద్రపోయినా కార్డుకు కాస్త కరెంటు అందాలి, పిలుపు వినేది అదే మరి. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే వారం రోజులు మెట్లెక్కేదాన్ని కాదు.

నిన్న రాత్రి స్విచ్చి కట్టలేదు. పొద్దున్నే పిలిస్తే లేచింది.