విటమిన్ ఎ, కొవ్వు, రక్తపరీక్ష: ఒక ప్రయోగ ఫలితంపై విమర్శ

మీర్‌పేట్ నుంచి సంపర్క తరగతులకు వచ్చే ఒక విద్యార్థిని ఒకసారి నా ముందు రెండు కాగితాలు పెట్టింది. ఒకటి ఆమె రక్తపరీక్ష రిపోర్టు. అందులో ట్రైగ్లిసరైడ్లు హద్దు దాటి ఉన్నాయి. రెండోది విటమిన్ ఎ ఊబకాయాన్ని తగ్గిస్తుందని చెప్పే వార్త. మొటిమలకు ఆమె వాడుతున్న ఐసోట్రెటినోయిన్ మాత్ర కూడా విటమిన్ ఎ కుటుంబానికి చెందిన పదార్థమే. "సార్, ఎలుకలకు తగ్గిన కొవ్వు నాకెందుకు పెరిగింది?" అని అడిగింది. విటమిన్ ఎ పాఠాన్ని రేచీకటి దగ్గర ముగించే పుస్తకాల్లో, నేను రాసినవాటితో సహా, దీనికి జవాబు దొరకదు.

ఆ వార్తకు మూలమైన పరిశోధన మన నగరంలోనే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగింది. అక్కడి విస్టార్ ఎలుకల సంతతిలో సహజంగా వచ్చిన ఉత్పరివర్తనం వల్ల ఊబకాయం వచ్చే ఒక వంశం ఏర్పడింది. 2006లో ప్రచురించిన ప్రయోగంలో వాటికి కిలో ఆహారంలో 129 మి.గ్రా. విటమిన్ ఎ ఇచ్చారు. పోల్చి చూసిన గుంపుకు 2.6 మి.గ్రా. మాత్రమే. మొదటి గుంపులో బరువు పెరుగుదల, కొవ్వు కణజాలం తగ్గాయి. గోధుమరంగు కొవ్వులో శక్తిని వేడిగా ఖర్చు చేసే ప్రోటీన్ తయారీ పెరిగింది. బరువు తూచి ఊరుకోకుండా దాని వెనుక యంత్రాంగాన్ని వెతకడం ఈ పరిశోధన గొప్పతనం.

మీరు ముందుగా గమనించవలసింది మోతాదు. రెండు ఆహారాల మధ్య తేడా సుమారు యాభై రెట్లు. మనిషి రోజుకు అరకిలో పొడి ఆహారం తింటాడనుకుని లెక్క వేయండి. పెద్దలకు రెటినాల్ రూపంలో సురక్షిత గరిష్ఠ పరిమితిగా చెప్పే 3 మి.గ్రా.ను ఆ మోతాదు ఎన్నో రెట్లు దాటిపోతుంది. అంత మోతాదు రోజూ తీసుకుంటే కాలేయం దెబ్బతింటుంది; గర్భిణి అయితే పిండానికి ప్రమాదం. వార్త రాసినవారు వదిలేసింది సరిగ్గా ఈ అంకెనే. (మునగాకు, తోటకూరలతో ఈ భయం లేదు. వాటిలోని బీటా కెరోటిన్‌ను శరీరం అవసరం మేరకే విటమిన్ ఎగా మార్చుకుంటుంది.)

రెండోది పదార్థం రూపం. ఎలుకలు తిన్న విటమిన్ కాలేయంలో నిల్వ చేరి, కొద్దికొద్దిగా రెటినోయిక్ ఆమ్లంగా మారి, కణకేంద్రకంలోని గ్రాహకాలను తాకుతుంది. ఐసోట్రెటినోయిన్ ఆ ఆమ్లానికే మరో రూపం. నిల్వ, నియంత్రణ అనే మెట్లను దాటేసి వస్తుంది. రెటినోయిడ్లు కాలేయంలో అపోలిపోప్రోటీన్ సి-3 తయారీని పెంచుతాయి. రక్తంలోని కొవ్వును విడగొట్టి తొలగించే పనికి ఆ ప్రోటీన్ అడ్డు. అందుకే ఈ మందు వాడేవారిలో ట్రైగ్లిసరైడ్లు పెరగవచ్చు. కొవ్వు కణజాలం తగ్గడం, రక్తంలో కొవ్వు తగ్గడం వేర్వేరు సంగతులు. వార్త రెండింటినీ ఒకే 'కొవ్వు'లో కలిపేసింది. తెలుగులో ఆ మాట రెండింటికీ సరిపోవడం కూడా కొంత కారణమే.

ఇక "విటమిన్ ఎ పరీక్ష చేయించుకుంటే తేలిపోతుంది కదా" అంటారేమో. తేలదు. సీరం రెటినాల్‌ను కాలేయం దాదాపు స్థిరంగా ఉంచుతుంది; నిల్వలు బాగా అడుగంటితే గాని అంకె దిగదు. డెసిలీటరుకు 20 మైక్రోగ్రాముల కన్నా తక్కువైతే లోపం అంటాం. కాని జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రెటినాల్‌ను మోసే ప్రోటీన్ తగ్గిపోతుంది కనుక, నిల్వలున్నా అంకె పడిపోతుంది. ఆ సమయంలో సి-రియాక్టివ్ ప్రోటీన్ కూడా కొలవకుండా లోపమని రాసిన సర్వేలను నేను నమ్మను.

ఆ అమ్మాయిని అప్పటికే నూనె మానేయమన్నారు. ఏ మందులు వాడుతున్నావని మాత్రం ఎవరూ అడగలేదు. మాత్ర పేరు రిపోర్టు మీదే రాసి, దాన్ని ఇచ్చిన చర్మవైద్యులకు చూపించమని పంపాను.