స్వరయంత్రమునకు క్రొత్త అంగములు

మురమళ్ళ వీరేశ్వరస్వామివారి నిత్యకల్యాణవేళ సన్నాయివిద్వాంసుడు ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు పోవునపుడు రంధ్రమును పూర్తిగా మూయక, పూర్తిగా తెఱవక, వ్రేలిని కొంచెము జరిపి, ఊపిరి బిగువును మార్చి, ఆ రెండింటి నడుమనున్న ప్రదేశమునంతయు నాదముతో నింపును. ఈ నడిమి ప్రదేశమే మన సంగీతమునకు ప్రాణము. కంప్యూటరునందు నాదమును సృష్టించు యంత్రములను కల్పించినవారిలో అధికసంఖ్యాకులు ఆ ప్రదేశమును లెక్కగొనక, స్థాయికి పండ్రెండు స్థానములనే ప్రమాణముగా స్వీకరించుటచేత, వానిపై మన సంగీతమును పలికింపబూనినవారికి స్వరములు లభించును గాని రాగము లభింపదు. ఈ కొఱతను తీర్చుకొను సాధనము నేడు మన చేతికి వచ్చియున్నది. సంగీతము తెలిసినవాడు కొంత గణితమును, గణితము తెలిసినవాడు కొంత సంగీతమును అభ్యసించినచో, యంత్రమునకు కావలసిన క్రొత్త అంగములను మన యింటనే నిర్మించుకొనవచ్చును.

మాడ్యులార్ సింథసైజర్ అనబడు స్వరయంత్రము అనేకాంగముల సమూహము. ఆసిలేటర్ కంపనమును పుట్టించును; ఫిల్టర్ అందలి అనుస్వరములలో (హార్మోనిక్స్) కొన్నింటిని అణచి కొన్నింటిని నిలుపును; ఎన్వలప్ నాదముయొక్క పుట్టుకను, నిలుకడను, క్షయమును నిర్ణయించును; సీక్వెన్సర్ ఏ స్వరము పిమ్మట ఏ స్వరము రావలెనో చెప్పును. ఈ అంగములలో ఒక్కొక్కటి ఒక మాడ్యూల్. మా కోనసీమలో పంటకాలువ నీరు లాకులయొద్ద మట్టము మార్చుకొని, పిల్లకాలువలుగా చీలి, బోదెలవెంబడి చేలకు చేరునట్లు, ఒక మాడ్యూల్ నుండి వెడలిన వోల్టేజి కేబుళ్లగుండ వేఱొకదానిని చేరి, అచట రూపము మార్చుకొని, తుదకు స్పీకరునందు నాదమై వెలువడును.

1957 లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ కంప్యూటరుచేత సంగీతమును పలికించెను. 1963, 1964 సంవత్సరముల ప్రాంతమున డాన్ బుక్లా, రాబర్ట్ మూగ్ అనువారు ఆ దేశముననే వేర్వేఱు తావులయందు వోల్టేజిచే నడుచు మాడ్యూళ్లను నిర్మించిరి. 1969 లో అహమ్మదాబాదునందలి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ యంత్రమును నెలకొల్పగా, గీతా సారాభాయి మొదలగువారు దానిపై ప్రయోగములు చేసిరి. ఆ కాలమున అట్టి యంత్రము సంస్థలకే గాని వ్యక్తులకు అందునది కాదు. 2017 లో ఆండ్రూ బెల్ట్ వీసీవీ ర్యాక్ అను సాఫ్ట్‌వేరును విడుదలచేసి, దాని సోర్స్‌కోడును సైతము లోకమున కర్పించుటతో, యంత్రమంతయు ల్యాప్‌టాప్‌లోనికి వచ్చెను. అంతకన్న ముఖ్యముగా, దానికి ఎవడైనను క్రొత్త మాడ్యూల్ వ్రాసి చేర్చుటకు త్రోవ యేర్పడెను.

మాడ్యూల్ వ్రాయుట యెట్లు? ముందుగా సీ ప్లస్ ప్లస్ భాషలో, ఈ మాడ్యూలునకు ఎన్ని నాబులు, ఎన్ని ఇన్‌పుట్లు, ఎన్ని అవుట్‌పుట్లు, ఎన్ని దీపములు అని ప్రకటింతురు. పిదప ప్రాసెస్ అను నొక్క ఫంక్షనునందు దాని ధర్మమునంతయు వ్రాయుదురు. సెకనుకు 48,000 శాంపిళ్ల వేగమున యంత్రము నడుచుచుండగా ఆ ఫంక్షను సెకనుకు 48,000 మారులు పిలువబడును. ఒక్కొక్క మారునకు ఇరువది మైక్రోసెకన్లకు కొంచెము పైచిలుకు వ్యవధి మాత్రమే గలదు. ఆ వ్యవధిలో ఒక్క మాడ్యూల్ కాదు, తెరపైనున్న మాడ్యూళ్లన్నియు తమ పని ముగింపవలెను. కావున నిర్మాతకు మితవ్యయము మొదటి నియమము: కష్టతరమైన గణనలను ముందే చేసి పట్టికగా నుంచుకొనవలెను, నడుమ మెమరీ కొఱకు చేయి చాపరాదు. శుద్ధత రెండవ నియమము. ఒకచోట సున్నచే సున్నను భాగించినయెడల పుట్టు అర్థరహితమైన విలువ ఆ మాడ్యూలుతో ఆగదు; కేబుళ్లవెంట ప్రాకి, తాను చేరిన మాడ్యూళ్లన్నింటిని మూగవానిగా చేయును.

మఱియొక ప్రమాదము సంగీతజ్ఞుని చెవికే ముందు తెలియును. సెకనుకు 48,000 శాంపిళ్లున్న యంత్రమున 24,000 హెర్ట్జులకు మించిన కంపనమునకు తావు లేదు. మించినది నశింపక, వెనుకకు మడిగి, అడుగున వేఱొక కంపనముగా ప్రత్యక్షమగును. 30,000 హెర్ట్జుల అనుస్వరము 18,000 గా వినబడును. రంపపుపండ్ల ఆకృతిగల తరంగమును అజాగ్రత్తగా వ్రాసినచో, దాని పై అనుస్వరములన్నియు ఇట్లు మడిగి, ఆధారస్వరముతో ఏ సంబంధమును లేని ధ్వనులై నాదమును చెఱచును. నిరంతరము తంబురశ్రుతిని ఆశ్రయించియుండు మన సంగీతమునందు ఈ మాలిన్యము దాగదు. అందుచేత ఆ తరంగము ఒక్కసారిగా క్రిందికి దూకు చోట, ఆ దూకుడునకు ఇరుప్రక్కల నున్న శాంపిళ్లను ఒక చిన్న బహుపదితో నునుపు చేయుదురు.

ఇంతవరకు చెప్పినది యే దేశపు నిర్మాతకైనను సమానము. మన పని శ్రుతియొద్ద ఆరంభమగును. ఈ యంత్రమున ఒక వోల్టు ఒక స్థాయి. ఒక వోల్టు పెరిగినచో కంపనసంఖ్య రెట్టింపగును. సాధారణమైన క్వాంటైజర్ ఈ వోల్టును పండ్రెండు సమభాగములు చేసి, తనకు వచ్చిన విలువను సమీపభాగమునకు జరుపును. ఆ లెక్కను అంతరగాంధారము 0.3333 వోల్టుయొద్ద నిలుచును. తంబుర చెప్పు గాంధారము వేఱు: షడ్జముకన్న నాలుగవ వంతు హెచ్చు, అనగా 5/4 నిష్పత్తి; వోల్టులలో 0.3219. ఈ యల్పభేదము చెవికి ఎంతటిదో చూతము. మధ్యషడ్జము 240 హెర్ట్జులనుకొన్నచో మంద్రషడ్జపు తీగ 120. దాని అయిదవ అనుస్వరము 600. మన గాంధారము 300 అయినపుడు దాని రెండవ అనుస్వరము 600 తో ఐక్యమగును. సమభాగపు గాంధారము 302.4, దాని రెండవ అనుస్వరము 604.8, రెండింటి కలయికచే సెకనుకు దాదాపు అయిదు విస్పందనములు పుట్టి నాదము వణకును. తీగనుండి తమంతట తామే జనించు స్వయంభూస్వరముల విషయమును 1550 నాటికే రామామాత్యుడు స్వరమేళకళానిధియందు వీణామెట్ల నిర్ణయమునకు ఆధారముగా చర్చించియుండగా, మనవారు తమ మాడ్యూళ్లలో సమభాగములనే వాడుకొనుట నాకు సమ్మతము కాదు.

కోనసీమలోని శంకరగుప్తమున 1930 లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు షడ్జ, అంతరగాంధార, పంచమ, కైశికినిషాదములు నాలుగింటితోనే మహతి రాగమును కల్పించిరి. నాలుగు స్వరముల క్వాంటైజర్ వ్రాయదలచిన నూతనాభ్యాసికి ఇంతకన్న ఉత్తమమైన పాఠము లేదు. షడ్జము, గాంధారము, పంచమము 4:5:6 నిష్పత్తిలో నిలిచిన పిమ్మట నిషాదము ఏడవ అనుస్వరముతో చేరవలెనా, లేక ఇంకను పైకి జరిగి గాయకుని సంప్రదాయమునకు లోబడవలెనా? మొదటి పక్షమున 0.8074 వోల్టు, సమభాగముల లెక్కను 0.8333, ఈ అంతరము గాంధారపు అంతరమునకన్న రెండింతలకు పైబడినది. ఇచ్చట నిర్మాత తీర్పు చెప్పరాదని నా అభిప్రాయము. ఆ నిషాదమునకు ఒక చిన్న నాబు నిచ్చి, తీర్పును వాయించువాని చెవికి విడువవలెను.

గమకము ఇంతకన్న గహనమైనది. విపణిలో దొరకు మాడ్యూళ్లలో ఒక స్వరమునుండి మఱియొకదానికి నునుపుగా జార్చునవి యున్నవి. అవి ప్రతిచోట ఒకే తీరున జార్చును. తోడిరాగపు గాంధారమును అట్టి జారుడుతో పలికింపలేము. ఆ స్వరము తన స్థానమున స్థిరముగా నుండక, ఇరుగుపొరుగు స్వరములను స్పృశించుచు ఊగును. ఆ ఊగుటయే దాని స్వరూపము. మురమళ్ళకు గౌతమీనదికి ఆవల నున్న ద్రాక్షారామమున 1922 లో జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారి వీణను విన్నవారికి, ఒక్క మీటుతో ఒక్క మెట్టుపై తీగను ప్రక్కకు లాగి ఎంత దూరము ప్రయాణము చేయవచ్చునో తెలియును. ఆ లాగుటలో ఒక భౌతికరహస్యము గలదు. తీగను ప్రక్కకు జరిపినపుడు దాని బిగువు, జరిపిన దూరముయొక్క వర్గమును అనుసరించి పెరుగును. కావున మొదట వ్రేలు జరిగినను స్వరము దాదాపు కదలదు, పోనుపోను స్వల్పపు జరుపుకే స్వరము పరుగిడును. గమకపు మాడ్యూల్ వ్రాయువాడు నాబు తిప్పిన కొలది సరళరేఖగా వోల్టును పెంచినయెడల అది యంత్రధ్వనిగా తేలిపోవును. వర్గరేఖను వాడినయెడల వీణ తలపునకు వచ్చును. ఈ మాడ్యూలునకు స్వరము, ఊపు వేగము, ఊపు లోతు అను మూడు ఇన్‌పుట్లు చాలును. నాలుగవది యుండదగినది కాలము, ఏలయన నిడుపుస్వరమున మొదట మందముగా నారంభించి క్రమముగా వేగము పుంజుకొను ఊపు వేఱు, చౌకకాలమునందు ఊపు వేఱు, దురితమునందు వేఱు.

తాళవిషయమున బాలమురళిగారి మఱియొక సృష్టి నిర్మాతలకు గొప్ప సంపద. వారు తాళమునందలి సశబ్దక్రియలకు, అనగా దెబ్బలకు మాత్రము, గతిభేదమును కల్పించి త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అను పద్ధతులను ఏర్పఱిచిరి. ఆదితాళమున సశబ్దక్రియలు మూడు, వ్రేళ్ల లెక్కయు విసరులును కలిసి నిశ్శబ్దక్రియలు అయిదు. పంచముఖియందు దెబ్బలకు అయిదేసి అక్షరములు, తక్కినవానికి నాలుగేసి యని వ్రాయుట సులభము. కాని ప్రోగ్రాము వెంటనే ఒక ప్రశ్న వేయును: క్రియాకాలమును సమముగా నుంచి అందు అయిదక్షరములను ఇముడ్చుటయా, అక్షరకాలమును సమముగా నుంచి క్రియను పొడిగించుటయా? రెండవ పక్షమున ఆవర్తము ముప్పదియైదు అక్షరములగును. మొదటి పక్షమున ఆవర్తపు నిడివి మాఱదు, అక్షరముల వేగము మాఱును. నోటితో చెప్పునపుడు జారిపోవు ఇట్టి భేదమును కంప్యూటరు జారనీయదు. శాస్త్రమును కోడుగా వ్రాయుటవలన కలుగు ప్రధానలాభము ఇదియే యని నేను దృఢముగా నమ్ముచున్నాను. అది శాస్త్రమును మఱల చదివించును, విద్వాంసుని మఱల అడిగించును. మీట యొకటి యుంచి రెండు పక్షములను విన్నపిమ్మట, మృదంగవిద్వాంసునియొద్దకు పోయి నిర్ణయించుకొనుట ఉచితము.

తంబుర నాదమును నిర్మించుటకు మార్గము 1983 లో కెవిన్ కార్ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ ప్రకటించిన పద్ధతి. తీగ నిడివిని కొన్ని శాంపిళ్ల వరుసగా నుంచి, అందు ఒక గందరగోళపు ధ్వనిని నింపి, అది తిరిగివచ్చిన ప్రతిమారు ప్రక్కప్రక్క శాంపిళ్ల సగటును తీసినచో, అది మీటిన తీగవలె మెల్లగా క్షీణించును. 120 హెర్ట్జుల తీగకు నాలుగువందల శాంపిళ్లు. అయితే ఇది తంబుర కాదు. విశాఖపట్టణమున బాల్యమును గడపిన సి.వి. రామన్‌గారు 1921 లో ప్రకటించిన పరిశోధనయందు, తంబుర, వీణల తీగలు ఆనియుండు పీట వంపువలన, మీటినచోట నిశ్చలబిందువుగల అనుస్వరములు సైతము గట్టిగా వినబడునని చూపిరి. సాధారణపు తీగకు ఇది అసాధ్యము. కనుక మాడ్యూలునందు తీగ పైకి లేచినపుడు ఒక నిడివి, వంపుపై పఱచుకొన్నపుడు కొంచెము తక్కువ నిడివి యుండునట్లు క్షణక్షణము మార్చవలెను. అపుడే తంబురకు సహజమైన జీవాళి పలుకును.

ముఖఫలకమును గూర్చి ఒక మాట. దాని యెత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్ల గుణిజములు. చిత్రమును ఎస్‌వీజీ రూపమున గీయవలెను. వీసీవీ ర్యాక్ ఆ చిత్రమునందలి అక్షరములను అక్షరములుగా చదువదు; వానిని ముందే గీతలుగా మార్చి యీయవలెను. ఇతరులకు విసుగు పుట్టించు ఈ నిబంధన మనకు వరము, ఏలయన వత్తులతో, గుణింతములతో తెలుగులిపి చెదరక నిలుచును. నాబు క్రింద గాంధారము అని, కైశికి అని, సశబ్దము అని తెలుగున వ్రాసికొనుటకు ఏ యడ్డంకియు లేదు.

అమలాపురమున, కాకినాడలో ఇంజనీరింగ్ చదువుచున్న యువకులకు సీ ప్లస్ ప్లస్ వచ్చును. వారి యిరుగుపొరుగుననే సన్నాయి, వీణ, మృదంగము తెలిసిన పెద్దలున్నారు. వీరిరువురును ఒక్కచోట కూర్చుండుట ఇంతవరకు అరుదు. కావున అట్టి విద్యార్థులారా, మీరు మొదటనే మహాయంత్రమును తలపెట్టకుడు. మహతికి నాలుగు స్వరముల క్వాంటైజర్ గాని, పంచముఖి తాళమునకు గడియారము గాని ఒక్కటి వ్రాయుడు. వ్రాసినదానిని ఒక విద్వాంసునికి వినిపించి, ఆయన తప్పనిన చోట దిద్దుకొనుడు. దిద్దిన పిదప సోర్స్‌కోడును అందఱికి ఉచితముగా విడువుడు.